క్వార్టరు, ఆసుపత్రి, పెన్షను: పద్దెనిమిది లక్షల జీతం మీద ఒక వాదన

హైదరాబాదులో అయిదేళ్ళు పనిచేసి ఇప్పుడు గురుగ్రామ్‌లో కొత్త ఉద్యోగానికి వస్తున్న ఒక అమ్మాయికీ, నలభై ఏళ్ళుగా ఢిల్లీలో ఉంటున్న ఆమె బాబాయికీ మధ్య నడిచిన వాదన ఇది. ఆయన కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా చేరి, సెక్షన్ ఆఫీసరుగా రిటైరై, ద్వారకలో డీడీఏ ఫ్లాటులో ఉంటున్నారు. వాళ్ళ పక్క ఫ్లాటులో ఉండేది మేమే కనక వాదనంతా నా ముందే జరిగింది. ఇద్దరి అనుమతితోనే రాస్తున్నాను. గురుగ్రామ్ సైబర్ సిటీలోని ఒక కంపెనీ ఆ అమ్మాయికి ఏడాదికి 18 లక్షలు ఇస్తానంది. అది మంచి జీతమేనని ఇద్దరూ ఒప్పుకున్నారు. తగువంతా ఇల్లు దగ్గర మొదలైంది.

బాబాయి: ఆ ఫ్లాటుకి అడ్వాన్సు ఇచ్చేశావా?

అమ్మాయి: ఇంకా లేదు బాబాయ్. రేపు పొద్దున్నకల్లా చెప్పమన్నాడు బ్రోకరు. డీఎల్‌ఎఫ్ ఫేజ్ టూ దగ్గర, ఒక బెడ్‌రూము. ఆఫీసుకి నడిచి వెళ్ళిపోవచ్చు. అద్దె 38,000, మెయింటెనెన్సు 4,000 వేరే.

బాబాయి: నెలకి నీ చేతికెంతొస్తుంది?

అమ్మాయి: లక్షన్నర కదా. పన్నూ అదీ పోగా లక్షా ముప్ఫై వేలైనా వస్తుంది.

బాబాయి: ఆఫర్ లెటర్లో రెండో పేజీ తియ్యి. పైన 18 లక్షలు అని వేసింది కంపెనీ నీ మీద పెట్టే ఖర్చు. నెలవారీ చేసి చూద్దాం. లక్షన్నరలో 15,000 వేరియబుల్ పే. అది ఏడాది చివర, నీ పనిని బట్టి, కంపెనీ లాభాన్ని బట్టి ఇస్తారు. నీ బేసిక్ 75,000. దాని మీద కంపెనీ కట్టే పీఎఫ్ వాటా 9,000 కూడా ఇందులోనే కలిపారు. గ్రాట్యుటీ 3,600. అది మామూలుగా అయిదేళ్ళు ఉంటేనే దక్కేది. ఇవి తీసేస్తే 1,22,400. అందులోంచి నీ వాటా పీఎఫ్ ఇంకో 9,000 పోతుంది. కొత్త పన్ను విధానంలో నెలకి ఎనిమిది వేల దాకా టీడీఎస్. ఇంక మిగిలేది లక్షా అయిదు వేలు. తెలంగాణలో నెలకి 200 కోసే వృత్తి పన్ను ఇక్కడ లేదు, ఆ మేరకు లాభం.

అమ్మాయి: పీఎఫ్ ఎక్కడికీ పోదుగా. అదీ నా డబ్బేగా.

బాబాయి: నీదే. కానీ దానితో ఇంటి అద్దె కట్టలేవమ్మా.

అమ్మాయి: అద్దె ఎక్కువ కడితే హెచ్‌ఆర్‌ఏ మీద పన్ను తగ్గుతుందన్నారు ఆఫీసులో.

బాబాయి: పాత పన్ను విధానంలో ఉంటేనే అది. 2025-26 నుంచి కొత్త విధానంలో శ్లాబులు మారాయి. పన్ను వేసే ఆదాయం 12 లక్షల లోపు ఉంటే పన్నే లేదు. దాటినవాళ్ళకి కూడా భారం బాగా తగ్గింది. జీతగాళ్ళకి 75,000 స్టాండర్డ్ డిడక్షన్ ఉంది. నీ అంకెలు రెండు విధానాల్లోనూ వేసి చూశాను. నెలకి 38,000 అద్దె చూపించి, పొదుపు మినహాయింపు లక్షన్నరా పూర్తిగా వాడుకున్నా, పాత విధానంలోనే నీకు ఏడాదికి ఇరవై వేల పైచిలుకు పన్ను ఎక్కువ పడుతోంది. పైగా అందులో ఢిల్లీలో ఉన్న ఇంటికైతే బేసిక్‌లో 50 శాతం దాకా లెక్కలోకి తీసుకుంటారు, గురుగ్రామ్ ఇంటికి 40 శాతమే. పన్ను కోసం పెద్ద అద్దె కట్టడమన్నది నీ జీతానికి కుదిరే మాట కాదు.

ఆ రెండో పేజీ చదవకుండా ఇల్లు ఖాయం చేసుకున్న పిల్లల్ని మా కాలనీలోనే చూశాను. లక్షా ముప్ఫై వేలకు తగ్గ ఇల్లు తీసుకుని, లక్షా అయిదు వేలతో సంసారం నడపాల్సి వస్తుంది. తేడా 25,000. అది ప్రతి నెలా తగిలే దెబ్బ.

అమ్మాయి: సరే, లక్షా అయిదు వేలే అనుకుందాం. నలభై రెండు వేలు ఇంటికి పోయినా అరవై మూడు వేలు ఉంటాయి. ఒక్కదాన్ని. చాలవా?

బాబాయి: చదువుకి తీసుకున్న అప్పు వాయిదా?

అమ్మాయి: 18,000. ఇంకో మూడేళ్ళు.

బాబాయి: నాన్నకి పంపేది?

అమ్మాయి: 15,000. అది ఆపను.

బాబాయి: ఆపమని నేనెందుకంటాను? అంటే మిగిలింది 30,000. కరెంటు, సగటున నాలుగు వేలు. పనిమనిషికీ వంటమనిషికీ కలిపి ఏడు వేలు. బియ్యం, పాలు, కూరలు, గ్యాసు ఎనిమిది వేలు. ఫోను, ఇంటర్నెట్టు వెయ్యిన్నర. ఇక 9,500. అందులో బట్టలు, మందులు, క్యాబులు, స్నేహితుల పెళ్ళిళ్ళు, పండక్కి ఊరెళ్ళే టికెట్లు. పొదుపు ఏదీ?

అమ్మాయి: ఏడాదిలో జీతం పెరుగుతుంది.

బాబాయి: అద్దె కూడా పెరుగుతుంది. ఇక్కడ పదకొండు నెలల ఒప్పందాలు. ఏడాది దాటిన లీజు రిజిస్టరు చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతుంది కనక అందరూ పదకొండు నెలలకే రాస్తారు. పన్నెండో నెలలో ఇంటాయన కొత్త అంకె చెబుతాడు. అది సరే, చేరేటప్పుడు ఎంత కావాలో లెక్క వేశావా? రెండు నెలల డిపాజిట్టు, మొదటి నెల అద్దె, బ్రోకరుకి పదిహేను రోజులదో నెలదో. ముప్ఫై ఎనిమిది చొప్పున వేస్తే లక్షా ముప్ఫై నుంచి లక్షా యాభై వేలు. ఆపైన పరుపు, ఫ్రిజ్, గీజరు, ఏసీ. ఇదంతా మొదటి జీతం పడకముందే.

అమ్మాయి: కంపెనీ రీలొకేషన్‌కి లక్ష ఇస్తోంది.

బాబాయి: ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలని దాని కిందే రాసి ఉంది చూడు. ఆ లక్షని సంపాదన కింద కాదు, ఏడాది దాకా అప్పు కింద చూసుకో.

అంతవరకూ ఆయన మాటే నెగ్గుతూ వచ్చింది. తర్వాత ఆ అమ్మాయి అన్న మాటలకి ఆయన దగ్గర వెంటనే జవాబు లేదు.

అమ్మాయి: మరి ఎక్కడుండమంటారు? మీ ఇంటి పక్కనేనా?

బాబాయి: ద్వారకలో తప్పేముంది? రెండు బెడ్‌రూముల ఇల్లు ఇంకో అమ్మాయితో కలిసి తీసుకుంటే మనిషికి పదమూడు వేలు. మేం పక్కనే ఉంటాం.

అమ్మాయి: నిన్న ఇక్కణ్ణించి ఆఫీసుకి మెట్రోలోనే వెళ్ళి చూశాను బాబాయ్. జనక్‌పురి వెస్ట్‌లో దిగి మెజెంటా లైన్ ఎక్కాలి. హౌజ్ ఖాస్‌లో దిగి ఎల్లో లైన్. సికందర్‌పూర్‌లో దిగి రాపిడ్ మెట్రో. మూడుసార్లు మారాలి. ఇంటి నుంచి ఆఫీసు కుర్చీ దాకా గంటన్నర. రానూపోనూ రోజుకి మూడు గంటలు. నెలకి అరవై గంటలు దాటుతుంది. నా పని అమెరికా వాళ్ళతో. రాత్రి తొమ్మిదింటికి కూడా కాల్స్ ఉంటాయి. రాత్రి పదిన్నరకి సెక్టారు రోడ్డు మీద ఈ-రిక్షా కోసం నిలబడమంటారా?

బాబాయి: మెట్రోలో మొదటి పెట్టె ఆడవాళ్ళదేగా. స్టేషన్లలో సీఐఎస్ఎఫ్ వాళ్ళుంటారు.

అమ్మాయి: మెట్రోలో ఉన్నంతసేపూ నాకు భయం లేదు. భయం స్టేషను గేటు దాటాక. ఆ చివరి కిలోమీటరుకి మీ లెక్కలో గడి లేదు. మగపిల్లాడైతే ద్వారకలో పడుకుని సైబర్ సిటీలో పనిచేసుకోవచ్చేమో. నేను రోజూ క్యాబ్ ఎక్కితే మీరు అద్దెలో మిగిల్చిందంతా దానికే పోతుంది. ఎక్కకపోతే ఇక్కడ పిన్నికి నిద్ర పట్టదు. అరవై గంటలంటే వారంన్నర పనిదినాలు. అలిసిపోయిన మనిషి అప్రైజల్‌లో ఏం రాసుకుంటుంది?

ఢిల్లీలో ఆడపిల్లల ఖర్చుని మగపిల్లల ఖర్చుతో ఒకే గాటన కట్టడం పెద్ద పొరపాటని నేను అనుకుంటాను. వెలుగున్న వీధి, స్టేషనుకి దగ్గరున్న ఇల్లు, రాత్రిపూట క్యాబు వాళ్ళకి విలాసాలు కావు. బియ్యం, పాలు రాసుకున్న వరసలోనే వీటినీ రాసుకోవాలి.

బాబాయి: ఆ మాట నేను ఆలోచించలేదు. నేను వచ్చిన కొత్తలో కరోల్‌బాగ్‌లో ఒక మేడ మీద బర్సాతీలో ఉండేవాణ్ణి. మేడ మీద ఒంటిగది, రేకు కప్పు. జూన్‌లో ట్యాంకు నీళ్ళు ఒంటి మీద పోసుకుంటే కాలేవి. రాత్రి నీళ్ళు చల్లి, మంచం బయట వేసుకుని పడుకునేవాళ్ళం. అలా దాచుకున్నాం. అదే నీకూ చెబుతున్నాను.

అమ్మాయి: మీరు అలా ఎన్నేళ్ళున్నారు?

బాబాయి: క్వార్టరు వచ్చేదాకా. తర్వాత ఆర్.కె.పురం.

అమ్మాయి: అదే నేననేది. మీకు ఆర్.కె.పురంలో ప్రభుత్వం ఇల్లిచ్చింది. హెచ్‌ఆర్‌ఏ కోసుకున్నారు, లైసెన్సు ఫీజని నామమాత్రంగా పట్టుకున్నారు. నగరం మధ్యలో, ఆఫీసుకి దగ్గర్లో, చెట్ల కింద ఇల్లు. జ్వరమొస్తే కేంద్ర ఉద్యోగుల వైద్య పథకం సీజీహెచ్‌ఎస్ డిస్పెన్సరీ. ఇప్పుడు నెలనెలా పెన్షను. పిల్లలు ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ బడిలో చదివారు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ లాంటి పెద్దలు 1948లోనే ఇక్కడి తెలుగు పిల్లల కోసం మొదలుపెట్టిన సంస్థ అది. తెలుగు కాలేజీ కావాలంటే 1961లో టీటీడీ పెట్టిన శ్రీ వెంకటేశ్వర కాలేజీ ఉంది. మీ జీతం చిన్నదే, కాదనను. కానీ జీతం బయట మీకు ఎంత దక్కిందో లెక్క వేశారా? మీరు మిగిల్చారంటే కేవలం పొదుపు వల్ల కాదు. నాకు ఆ క్వార్టరు ఎవరిస్తారు?

బాబాయి కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆయన చెప్పిందే ఈ వాదన మొత్తంలో నాకు విలువైనదిగా తోచింది. అందుకే దాన్ని కుదించకుండా రాస్తున్నాను.

బాబాయి: నువ్వన్నది నిజం. నేను 1983లో చేరాను. 2004 జనవరి 1 నుంచి చేరినవాళ్ళకి ఆ పాత పెన్షను లేదు. సీజీహెచ్‌ఎస్ అయితే 1954లో ఈ ఢిల్లీలోనే మొదలైంది, నా పెళ్ళాం పిల్లలు అందులోనే వైద్యం చేయించుకున్నారు. ఇవన్నీ నా జీతం చీటీలో కనపడేవి కావు. నెలాఖరుకి చేతిలో పైసా లేకపోయినా నేను మునిగిపోయేవాణ్ణి కాదు. ఇల్లు ఖాళీ చెయ్యమనేవాడు లేడు, ఉద్యోగం ఊడబెరికేవాడు లేడు. ఒప్పుకుంటున్నాను. ఇప్పుడు నువ్వూ ఒకటి ఒప్పుకో. నాకు ప్రభుత్వం వేరేగా ఇచ్చినవన్నీ నీకు ఆ లక్షా అయిదు వేలలోనే కలిపి ఇచ్చారు. నీ క్వార్టరు అందులోనే ఉంది, నీ డిస్పెన్సరీ అందులోనే ఉంది, నీ అరవయ్యో ఏటి పెన్షను అందులోనే ఉంది. క్వార్టరుకే 42,000 ఇచ్చేస్తే మిగతా రెండింటినీ ఎక్కడినించి తెస్తావు? నా కన్నా నువ్వు ఎక్కువ పొదుపు చెయ్యాలి అంటున్నది అందుకు. నువ్వు దుబారా మనిషివని కాదు.

అమ్మాయి: కంపెనీ ఇన్సూరెన్సు అయిదు లక్షలకి ఉంది.

బాబాయి: ఉద్యోగం ఉన్నంతవరకే. మానేసిన రోజునో, తీసేసిన రోజునో అదీ పోతుంది. నీకు సొంతంగా ఒక పాలసీ ఉండాలి, అమ్మానాన్నలకి ఇంకోటి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద జీఎస్టీ తీసేశారు, అంతకుముందు పద్దెనిమిది శాతం ఉండేది. నాన్నకి షుగరు ఉందిగా. ఆలస్యమైనకొద్దీ ప్రీమియం పెరుగుతుంది. పంపే 15,000 పంపు. దానితోపాటు ఈ పాలసీ కూడా వాళ్ళకి పంపే డబ్బే అనుకో.

అమ్మాయి: పెన్షను మాట ముప్ఫై ఏళ్ళ తర్వాత కదా బాబాయ్. నేను ఢిల్లీ వచ్చింది బిల్లులు కట్టుకుంటూ కూర్చోడానికి కాదు. హుమాయూన్ సమాధి చూడాలి, మండీ హౌస్‌లో నాటకాలు చూడాలి, చలికాలంలో కొండలకి పోవాలి. పాతికేళ్ళప్పుడు మీరు చెయ్యలేకపోయినవి నేను చేస్తానంటే తప్పా?

బాబాయి: తప్పు కాదు. మీ పిన్నిని అడుగు, మేం ఈ ఊళ్ళో ఉండి కూడా ఎన్ని చూడలేదో చెబుతుంది. వాటికి నెలకి పదివేలు తీసిపెట్టు, లెక్క అడగను. కానీ అవి ఇంటి అద్దెలో కొట్టుకుపోకూడదు. నీ 38,000 ఫ్లాటులో ఆ పదివేలకి చోటు లేదు. ఆ సంగతి నువ్వే చూశావు.

ఇక్కణ్ణించి ఇద్దరి మాటల్లోనూ పట్టుదల తగ్గింది. వాతావరణం ఖర్చు గురించి వాళ్ళు త్వరగానే తేల్చేశారు గానీ, దక్షిణాది నుంచి వచ్చేవాళ్ళు తెలుసుకోవలసింది అందులో చాలా ఉంది. ఇక్కడ మే, జూన్ నెలల్లో రాత్రంతా ఏసీ. డిసెంబరు, జనవరిల్లో గీజరు, హీటరు, రజాయి. మధ్యలో నవంబరు వస్తే గాలి. ఎయిర్ ప్యూరిఫయరు కొనడం ఒక ఎత్తు, దాని ఫిల్టరు మార్చడం ఇంకో ఎత్తు. స్వెటర్లకి పెద్ద మాల్ అక్కర్లేదు, సరోజినీ నగర్ బజారు చాలునని పిన్ని చెప్పారు.

కరెంటు దగ్గర మాత్రం మళ్ళీ ఆగారు.

బాబాయి: ఢిల్లీలో 2019 ఆగస్టు నుంచి నెలకి 200 యూనిట్ల లోపు వాడితే బిల్లు సున్నా. 201 నుంచి 400 దాకా సగం, 800 రూపాయలకి మించకుండా, ప్రభుత్వం భరిస్తుంది. 2022 అక్టోబరు నుంచి ఇది అడిగినవాళ్ళకే ఇస్తున్నారు. అద్దెకున్నవాళ్ళకీ వర్తిస్తుంది. హర్యానాలోకి అడుగుపెడితే ఇది లేదు. అక్కడ సొసైటీల్లో ప్రీపెయిడ్ మీటరు, కరెంటు పోతే నడిచే జనరేటరు యూనిట్లకి వేరే రేటు.

అమ్మాయి: ఢిల్లీలో ఇంటాయన సబ్ మీటరు పెట్టి యూనిట్‌కి తను చెప్పిన రేటు వసూలు చేస్తే? నిన్న చూసిన ఒక ఇంట్లో అలాగే అన్నాడు.

బాబాయి: అలాంటి ఇల్లు వద్దు. విడి మీటరు ఉన్న ఇల్లే చూడాలి. అది నువ్వు బాగా పట్టుకున్నావు.

అమ్మాయి: నా పాత డీజిల్ కారు తెచ్చుకోనా?

బాబాయి: అమ్మెయ్యి. ఇక్కడ పదేళ్ళు దాటిన డీజిల్ బళ్ళ మీద 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్‌జీటీ), 2018లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వులున్నాయి, వాటి మీద ఇంకా కోర్టుల్లో నడుస్తూనే ఉంది. పన్నెండు నెలలు దాటి ఉంచితే ఇక్కడ మళ్ళీ రిజిస్ట్రేషన్. ఆ తలనొప్పి వద్దు.

తర్వాత ఆ అమ్మాయే మెట్రో మ్యాపు బల్ల మీద పరిచింది. ద్వారక వద్దు, సైబర్ సిటీ వద్దు అన్నాక మిగిలింది ఎల్లో లైను. మాలవీయ నగర్, సాకేత్, ఛతర్‌పూర్ ఢిల్లీలోనే ఉన్నాయి. సికందర్‌పూర్ దాకా ఒకే రైలు, అక్కడ ఒక్కసారి రాపిడ్ మెట్రోకి మారితే సైబర్ సిటీ. 2025 ఆగస్టులో ఛార్జీలు పెంచాక కూడా మెట్రో టికెట్టు 11 రూపాయల నుంచి 64 రూపాయల లోపే, స్మార్ట్ కార్డుతో ఇంకాస్త తగ్గుతుంది. ఆమె కాగితం మీద వేసిన లెక్క ఇలా ఉంది: అదే కంపెనీలో చేరుతున్న ఇంకో అమ్మాయితో కలిసి 36,000 ఇల్లు, తన వాటా 18,000. కరెంటు వెయ్యిన్నర. మెట్రో రెండున్నర వేలు. రాత్రి ఆలస్యమైన రోజుల క్యాబులకి నాలుగు వేలు. వంటా పనీ తన వాటా మూడున్నర. సరుకులు ఏడు. ఫోను, ఇంటర్నెట్టు వెయ్యి. సరదాలకి పది. అప్పూ నాన్నా పోగా ఉన్న 72,000లో ఇవన్నీ తీసేస్తే ఇరవై నాలుగున్నర వేలు మిగిలాయి.

అమ్మాయి: రోజుకి గంట పైన పోతుంది బాబాయ్, నడిచి వెళ్ళే ఇంటితో పోలిస్తే.

బాబాయి: పోతుంది. దానికి నెలకి పాతికవేలు వస్తున్నాయి. చాలదంటావా?

అమ్మాయి: ఇప్పటికి చాలు. అప్పు తీరిన నెల నేను సైబర్ సిటీకి మారతాను. అప్పుడు ఆపకండి.

బాబాయి: ఆపను. అప్పటికి ఆరు నెలల ఖర్చు బ్యాంకులో ఉంటే నేనే వచ్చి సామాను సర్దుతాను.

అమ్మాయి: ఇంకోటి. ఇల్లు స్టేషన్ నించి వెలుతురున్న రోడ్డు మీద అయిదు నిమిషాల నడకలో ఉంటేనే. అద్దె రెండు వేలు పెరిగినా సరే.

బాబాయి: మూడు వేలు పెరిగినా సరే. రాత్రి పదింటికి నేనే ఆ రోడ్డు మీద నడిచి చూస్తాను.

పండక్కి ఊరెళ్ళే ఖర్చు ఒక్కటి ఆ లెక్కలో ఎక్కడా లేదని నేనే గుర్తుచేశాను. 2024 నవంబరు 1 నుంచి రైలు టికెట్లు 60 రోజుల ముందు నుంచే దొరుకుతాయి. సంక్రాంతికి తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో కావాలంటే నవంబరులోనే మేలుకోవాలి. లేదంటే విమానం టికెట్టు ఆ నెల మిగులంతా తినేస్తుంది. ఆమె మిగిలిన డబ్బులోంచి రెండు వేలు ఆ ఖాతాలోకి మార్చింది.

ఈ వాదనలో నేను బాబాయి పక్షమా, అమ్మాయి పక్షమా అంటే, ఇంటి విషయంలో అమ్మాయి పక్షం, జీతం విషయంలో బాబాయి పక్షం. ప్రైవేటు ఉద్యోగంలో పెద్దగా కనిపించే అంకెలో ఇల్లు, వైద్యం, ముసలితనం మూడూ కలిసి ఉన్నాయన్నది ఆఫర్ లెటర్లో ఎక్కడా రాయరు. ఆ పని మన ఇళ్ళలో పెద్దవాళ్ళు చెయ్యాలి. అయితే తమ కాలం నాటి క్వార్టర్లను పక్కన పెట్టి, నేటి రోడ్లని చూసి చెప్పాలి.

మీ ఇంట్లో ఎవరైనా ఢిల్లీకో, గురుగ్రామ్‌కో, నోయిడాకో ఉద్యోగానికి బయల్దేరుతుంటే ఒక్క పని చేయించండి. ఇల్లు చూడకముందే కంపెనీ హెచ్‌ఆర్ వాళ్ళకి ఉత్తరం రాసి, నెలనెలా బ్యాంకులో పడే మొత్తం ఎంతో రాతపూర్వకంగా తెప్పించుకోమనండి. మొదటి రెండు నెలలు పీజీలోనో, తెలిసినవాళ్ళింట్లోనో ఉండమనండి. అద్దె ఒప్పందం మీద సంతకం పెట్టేముందు లాకిన్ ఎన్ని నెలలో చదవమనండి. ఆ అమ్మాయికి బ్రోకరు పంపిన కాగితంలో లాకిన్ ఆరు నెలలని ఉంది. అంటే మధ్యలో ఖాళీ చేసినా ఆరు నెలల అద్దె కట్టాల్సిందే.